పళ్ళెంలో ముక్కకే మందు

కడుపులో కాకి పొడుస్తున్నట్టుందని మా అన్నయ్య ట్రాయ్కో చెప్పాడు. డాక్టరుకి కాకి వినబడింది. కడుపు వినబడలేదు.

అన్నయ్యకి అప్పటికి యాభై దాటాయి. ఇరవయ్యేళ్ళ వయసులో, సిడ్నీకి దక్షిణాన పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో పని నేర్చుకుంటున్న రోజుల్లో, కొలిమి తనని పేరుపెట్టి పిలుస్తోందని బూట్లు కూడా వదిలేసి ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. దానికి స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టారు. ఆ తరవాతి కొన్నేళ్ళ సంగతి నేను చెప్పను. అమ్మ ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పను. ఆఖరికి క్లోజపిన్ అనే మందు పడింది. చెవిలో వినబడే గొంతులు పూర్తిగా పోలేదు గానీ, పక్క వీధిలో ఎవరో రేడియో పెట్టుకున్నంత దూరం జరిగాయి. రేడియో మోగితే మోగనీ, మనం వినకపోతే సరి అనేవాడు.

ఆ మందు ఒంట్లో తెల్లకణాలని తినేయగలదు. అందుకని నెలనెలా రక్తం ఇచ్చి చూపించుకోవాలి. అన్నయ్య ఒక్కసారి కూడా మానలేదు. అమ్మని సాగనంపిన రోజు కూడా పొద్దున్నే క్లినిక్కి వెళ్ళి, నల్లకోటు చేతి మడత కింద దూది అదుముకుంటూ చర్చికి వచ్చాడు. మధ్యమధ్యలో పరిశోధన చేసేవాళ్ళు పిలిచేవారు. గుండ్రటి యంత్రంలో పడుకోబెట్టి మెదడు బొమ్మలు తీసేవారు. ప్రశ్నలు అడిగేవారు. అదనంగా ఇంకో సీసాడు రక్తం తీసుకునేవారు. టీ బిస్కెట్లు పెట్టి పంపేవారు. ఎవరు పిలిచినా వెళ్ళేవాడు. "నా బుర్ర నాకెటూ అర్థం కాలేదు, వాళ్ళకైనా అవుతుందేమో చూడనీ," అనేవాడు.

మిగతా కాలమంతా పావురాలు. పెరట్లో రేకుల గూడు కట్టి పందెం పావురాల్ని పెంచేవాడు. శనివారం ఎక్కడో మైదానంలో వదిలిన పక్షి కొండ దాటి సముద్రం వైపు వచ్చి మా పైకప్పు మీద వాలేదాకా అన్నం ముట్టేవాడు కాదు. నాకు వారవాంగ్‌లో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే దుకాణం ఉంది. దుకాణం మూసి సాయంత్రం వాడింటికి వెళ్ళి, బీన్స్ వండి పెట్టి, నా ఇంటికి పోయేదాన్ని. వాడి పేరుకి మా మాసిడోనియా భాషలో చాలాకాలం మన్నేవాడని అర్థం. వాడికి ముందు పుట్టిన ఇద్దరు పోతే, అమ్మ ఏరికోరి పెట్టిన పేరది.

డిసెంబరులో, ఇక్కడి ఎండాకాలంలో, నొప్పి మొదలైంది. బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకోవడం చూసి నేనే బలవంతంగా డాక్టర్ ప్రయర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఏళ్ళ తరబడి అన్నయ్యని చూస్తున్న మనోవైద్యుడు ఆయన.

"ఈ కాకి ఎప్పటినుంచి ఉంది?" అన్నాడు ప్రయర్.

"కాకి లేదండీ. కాకి పొడిచినట్టుంది అంటున్నా."

"అది ఏమైనా మాట్లాడుతుందా మీతో?"

అన్నయ్య నా మొహం చూశాడు. మళ్ళీ ఆయన వైపు తిరిగి, "కడుపునొప్పి మాట్లాడడమేంటండీ డాక్టరుగారూ?" అన్నాడు.

నేను కలగజేసుకున్నాను. "మనిషి సగమైపోయాడండీ. చూడండి, చొక్కా ఎలా వేలాడుతోందో."

"మంచిదేగా! ఈ మందు వాడేవాళ్ళు లావైపోతున్నారని మేం తల పట్టుకుంటుంటే," అని నవ్వాడు. మలబద్ధకం ఈ మందుతో మామూలేనని ఒక విరేచనాల పొడి రాశాడు. కాకి కోసం క్లోజపిన్ పెంచాడు.

మా అమ్మకి మోకాళ్ళ నొప్పులుండేవి. "కుక్క కొరికేస్తోందే," అని ఇరవయ్యేళ్ళు అరిచింది. ఆ కుక్క రంగేమిటని ఎవరూ ఆమెని అడగలేదు. కుక్కకి మందూ పెంచలేదు. మోకాలికి ఎక్స్‌రే తీశారు. అన్నయ్య మాట్లాడింది ఆమె భాషే. ఆ ఇంట్లో నేర్చుకున్న మాటే. కానీ వాడి నోట్లోంచి వచ్చేసరికి అది రోగమైపోయింది.

పెంచిన మందుకి అన్నయ్య పగలంతా మత్తుగా పడుండేవాడు. పావురాల గూడు కంపు కొట్టడం మొదలైంది. పక్క వీధి రిస్టో మామ వచ్చి గూడు కడిగి, నా దుకాణానికి వచ్చి అందరి ముందూ కేకలేశాడు. ఆయన కూడా పావురాలవాడే, అన్నయ్యకి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు.

"ఏం పెట్టి చంపుతున్నారే వాణ్ణి? మనిషిలా నిలబడట్లేదు, నీళ్ళలో నానిన రొట్టెలా ఉన్నాడు!"

"డాక్టరు ఇచ్చింది మామా."

"డాక్టరు ఇస్తే నీ కళ్ళు కూడా ఆయనకిచ్చేశావా?"

మళ్ళీ తీసుకెళ్ళాను. మళ్ళీ అదే కుర్చీ, అదే నవ్వు. స్కానింగ్ తీయించమని అడిగితే, "ప్రతి భ్రమకీ స్కానింగ్ తీస్తూ పోతే వాటికి బలం ఇచ్చినట్టవుతుంది వెలికా," అన్నాడు ప్రయర్. తెలిసినవాడిలా, ఓర్పుగా అన్నాడు. ఆ ఓర్పే నాకు ఇప్పటికీ మండుతుంది.

మార్చిలో ఐవర్ చేసే రోజులు. పెద్ద ఎర్ర బుట్టమిరపకాయలు నిప్పుల మీద కాల్చి, తొక్క వలిచి, పెద్ద గిన్నెలో గంటలకొద్దీ తిప్పి ఏడాదికి సరిపడా పచ్చడి చేసుకుంటాం. అన్నయ్య గరాజులో నేనూ రిస్టో మామా కాలుస్తుంటే, వాడు స్టూలు మీద కూర్చుని తొక్కలు వలుస్తున్నాడు. ఉన్నట్టుండి కత్తి జారవిడిచాడు. స్టూలు మీంచి పక్కకి ఒరిగి, మోకాళ్ళు గుండెకి ముడుచుకుని నేలమీద పడిపోయాడు. అరవలేదు. "వెలే, కాకి చించేసింది," అని మాత్రం అన్నాడు.

ఆ రోజే ఆపరేషన్ చేశారు. పెద్దపేగులో గడ్డ. పేగు మూసుకుపోయి చిరిగింది. కాలేయంలోకి కూడా పాకింది. కుర్ర సర్జను బయటికొచ్చి టోపీ తీసి, "ఇంత ముదిరేదాకా ఆయనకి నొప్పే తెలియలేదా అండీ?" అని అడిగాడు.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నర్సులు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు.

అన్నయ్య తేరుకుంటుండగా, కాన్సర్ గడ్డల మీద పరిశోధన చేసే డాక్టర్ ఫాల్జన్ అనే ఆవిడ వచ్చింది. మంచం పక్కన నిలబడి మాట్లాడలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. తీసేసిన గడ్డలో చిన్న ముక్క ఇస్తే, దాని కణాలని గాజు పళ్ళెంలో బతికించి, ఏ మందుకి లొంగుతుందో చూస్తామని చెప్పింది. ఇష్టం లేకపోతే ఇవ్వక్కర్లేదు, ఇచ్చాక కూడా ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకోవచ్చు అంది.

"దానికి నొప్పి పుడుతుందా?" అన్నాడు అన్నయ్య.

"పుట్టదు. నరాలుండవు."

"అయితే తీసుకోండి. కొన్నాళ్ళైనా సుఖపడుతుంది."

సంతకం పెట్టాడు. నొప్పి మందు చేతి నరంలోకి ఇంకా చుక్కచుక్కగా దిగుతూనే ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఈ మనిషికి సంతకం పెట్టే తెలివుందా, మతి నిలకడగా ఉందా అని ఆ రోజు ఆ ఆసుపత్రిలో ఒక్కళ్ళకీ అనుమానం రాలేదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

మామూలు కీమో మొదలుపెట్టారు. క్లోజపిన్‌ని పాత మోతాదుకి తగ్గించారు. అన్నయ్య మెలకువలోకి వచ్చాడు, మళ్ళీ పావురాల దగ్గరికి వెళ్ళాడు. గడ్డలు మాత్రం కదల్లేదు.

జూన్‌లో డాక్టర్ ఫాల్జన్ మమ్మల్ని ప్రయోగశాలకి రమ్మంది. సూక్ష్మదర్శినిలోంచి చూడమంది. చిన్న చిన్న సబ్బు బుడగలు ఒకదాన్నొకటి అంటుకున్నట్టు ఉన్నాయి అన్నయ్య కణాలు. పక్క పళ్ళెంలోవి చూపించింది. అవి ముడుచుకుపోయి, నల్లగా, కాలిన ఆవగింజల్లా ఉన్నాయి.

"మొదటిదాన్లో మందు వెయ్యలేదు. రెండోదాన్లో వేశాం," అందావిడ. గొంతులో సంతోషం దాచుకోవాలని చూస్తోంది గానీ దాగడం లేదు. "మీ గడ్డలో ఒక జన్యువు మారింది ట్రాయ్కో. ఆ మార్పు ఉన్నవాళ్ళు తక్కువ. ఈ మందు సరిగ్గా దానికోసమే. ఇన్నాళ్ళూ మా దగ్గర ఇంత బాగా పెరిగిన ముక్క లేదు, ఇంత బాగా లొంగినదీ లేదు."

"మరి నాకు?" అన్నాడు అన్నయ్య.

"మనుషుల మీద పరీక్ష కూడా మొదలైంది. సిడ్నీలో డాక్టర్ హాలమ్ చూస్తున్నారు. మా ప్రయోగశాలా, ఆ పరీక్షా ఒకే సంస్థవి. మీ పేరు నేనే పంపిస్తాను."

బయటికొచ్చి కారెక్కాక అన్నయ్య ప్రయోగశాల వైపు వెనక్కి తిరిగి చూశాడు. "ఆ పళ్ళెంలోవాడు నాకంటే ముందే బాగుపడుతున్నాడు వెలే," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆశ అనేది ఎంత చెడ్డదో నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం ఇద్దరం రిస్టో మామ ఇంటికెళ్ళి ఆయన దాచుకున్న రకీయా, మా పళ్ళసారా, తలో గుక్కెడు తాగాం.

సిడ్నీకి రైల్లో వెళ్ళాం. అన్నయ్య క్షౌరం చేయించుకుని, నల్లకోటు వేసుకుని, తన మందుల డబ్బా జేబులో పెట్టుకుని వచ్చాడు. అడిగితే చూపించాలని. డాక్టర్ హాలమ్ పొడుగాటి మనిషి, మాట మెత్తన. కాగితాలు తిరగేస్తూ ఒకచోట ఆగాడు. ఆ తరవాత అన్నయ్య వైపు చూడడం మానేశాడు. నాతో మాట్లాడడం మొదలుపెట్టాడు.

"మీ అన్నయ్యగారికి స్కిజోఫ్రీనియా అని మాకు పంపిన వివరాల్లో పైన రాయలేదు."

"కింద రాశారుగా," అన్నాను.

"ఈ పరీక్షలో తీవ్రమైన మానసిక వ్యాధి ఉన్నవాళ్ళని తీసుకోకూడదు. నిబంధన అండీ. నన్ను క్షమించాలి, మీరు ఇంతదూరం వచ్చారు."

"ఎందుకు తీసుకోకూడదు?"

"మాత్రలు రోజూ వేళకి వేసుకోవాలి. పరీక్షలకి క్రమం తప్పకుండా రావాలి. ఇలాంటి వ్యాధి ఉన్నప్పుడు ఆయన..."

అన్నయ్య జేబులోంచి మందుల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ఏ రోజుదారోజు గడిలో సర్దినవి. హాలమ్ దాన్ని చూడలేదు.

"డాక్టరుగారూ, నేనిక్కడే ఉన్నా," అన్నాడు అన్నయ్య.

"తప్పకుండా. తప్పకుండా," అని హాలమ్ మళ్ళీ నావైపే తిరిగాడు. "ఇంకోటేంటంటే, ఇందులో ప్రమాదాలుంటాయి. అవన్నీ అర్థం చేసుకుని ఒప్పుకోగలగాలి కదా."

నాకు ఒళ్ళు భగ్గుమంది. "గడ్డ ముక్క తీసుకున్నప్పుడు మావాడు సంతకం పెట్టాడు. అప్పుడు మత్తులో ఉన్నాడు. అప్పుడు అర్థమైందా? అర్థమైందని మీరే నమ్మారుగా! ఇరవయ్యేళ్ళనుంచి మీ జాతి డాక్టర్లు మావాడి రక్తం తీసుకుంటున్నారు, బుర్ర బొమ్మలు తీసుకుంటున్నారు. అన్నిటికీ వాడి సంతకం చెల్లింది. వాడికి ఒకటి ఇవ్వాల్సి వచ్చేసరికి సంతకం చెల్లకుండా పోయిందా?"

"అది వేరే అధ్యయనం అండీ..."

"మనిషి ఒకడేగా!"

హాలమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. క్లోజపినూ, ఈ కొత్త మందూ రెండూ తెల్లకణాలని తగ్గించేవేనని, కలిస్తే ప్రమాదమని ఇంకో కారణం చెప్పాడు. అది నిజమైన కారణమే. కానీ నిబంధనలో ఆ మాట లేదు. నిబంధనలో వ్యాధి పేరుంది అంతే. ప్రమాదమైతే వారం వారం రక్తం చూడొచ్చు, రక్తం ఇవ్వడంలో ఈ దేశంలో మావాణ్ణి మించినవాడు లేడని చెప్పాను. ఆయన తలూపాడు. తలూపడం తప్ప ఏమీ చెయ్యనని అర్థమయ్యేలా ఊపాడు.

అన్నయ్య లేచి మందుల డబ్బా జేబులో పెట్టుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు.

"ఒక్క మాట డాక్టరుగారూ. ఆ పళ్ళెంలో ఉన్నవాడు కూడా నేనేగా. వాడికి మందిచ్చేముందు, నీకు గొంతులు వినబడుతున్నాయా అని అడిగారా?"

హాలమ్ కాగితాల కట్ట మూసేశాడు.

తిరుగు రైల్లో సొరంగాలు దాటి కొండ కింద సముద్రం కనబడ్డాక, "వెలే, నా ముక్క నాకిచ్చెయ్యమను," అన్నాడు.

"ఏం చేసుకుంటావురా దాన్ని?"

"ఏం చెయ్యను. వాళ్ళ దగ్గర ఉండకూడదు, అంతే. ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చందిగా ఆవిడ."

నాకు భయమేసింది. వాళ్ళకి కోపం తెప్పిస్తే ఉన్న కాస్త దారీ మూసుకుపోతుందని బతిమాలాను. ఇంటికొచ్చాక కూడా బతిమాలాను. రిస్టో మామని పిలిచి ఆయన చేత చెప్పిద్దామనుకుంటే ఆయన అటే చేరాడు. "నా పావురం గెలిస్తే ఆ బహుమతి పక్కవాడికిచ్చి, నన్ను గేటు దగ్గరే ఆపేస్తే ఊరుకుంటానా? పీక్కొచ్చెయ్యాల్సిందే!" అని బల్ల గుద్దాడు.

డాక్టర్ ఫాల్జన్ ఆ వారంలోనే మా అన్నయ్య ఇంటికొచ్చింది. నేను కాఫీ కాచి ఇచ్చాను. తాగలేదు.

"నేను ఆ నిబంధన చదవలేదు," అంది. "చదివి ఉండాల్సింది. ఎవరు పెట్టారని తవ్వి చూశాను ట్రాయ్కో. ఎవరూ పెట్టలేదు. ఎప్పటిదో పాత అధ్యయనంలో ఉంది. దాన్ని చూసి తరవాతిది రాశారు, దాన్ని చూసి ఇంకోటి. ఎవరూ పెట్టలేదు, ఎవరూ తియ్యలేదు."

"ఎవరూ పెట్టకుండానే నన్ను ఆపింది," అన్నాడు అన్నయ్య.

"అవును. కానీ మీ ముక్క పోతే, మీలాంటి గడ్డ ఉన్న మిగతావాళ్ళకి..."

"అమ్మా, మీరు మంచివారు. నాతో నా మొహం చూసి మాట్లాడారు. కానీ మిగతావాళ్ళ పేరు చెప్పి నన్ను కట్టెయ్యకండి. నాలాంటి గడ్డ ఉండి, నాలాంటి బుర్ర కూడా ఉన్నవాడొస్తే వాణ్ణీ గుమ్మంలోంచే పంపేస్తారు. ముక్కలివ్వడానికి మేం, మందు తినడానికి మీరా?"

ఆవిడ చల్లారిన కాఫీ కప్పు పక్కకి జరిపింది. కణాలన్నిటినీ శీతలపేటికలో పెట్టి పని మొత్తం ఆపేస్తానని, ఒక రోగి ముక్క వెనక్కి తీసుకున్నప్పుడు నైతిక కమిటీకి కారణంతో సహా చెప్పాలి కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతానని అంది. ఏ పరిశోధనలో ఎవరిని తీసుకోవచ్చో, ఎవరిని కూడదో తేల్చేది ఆ కమిటీయే. "మీరిద్దరూ వచ్చి మాట్లాడండి," అంది. "నేను చెబితే కాగితం. మీరు చెబితే మనిషి."

కమిటీకి వెళ్ళాలంటే, అన్నయ్యకి నిర్ణయం తీసుకునే తెలివి ఉందని మనోవైద్యుడు రాసివ్వాలి. అంటే మళ్ళీ ప్రయర్. నేను ఒక్కదాన్నే వెళ్ళాను.

"ఆ పరిస్థితుల్లో ఎవరైనా ఆ కాకిని భ్రమ అనే అనుకునేవారు వెలికా," అన్నాడాయన.

"ఎవరైనా కాదండీ. మీరు. అనుకున్నది మీరు."

రాసిచ్చాడు. బాగానే రాశాడు, అన్నయ్య తెలివైనవాడని, క్రమశిక్షణ గలవాడని. తప్పు జరిగిందన్న మాట ఆ ఉత్తరంలో లేదు. ఆయన నోట్లోంచీ రాలేదు. ఇప్పటిదాకా రాలేదు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల, బల్ల మధ్య సాండ్‌విచ్‌ల పళ్ళాలు. రిటైరైన జడ్జి ఒకావిడ అధ్యక్షురాలు. హాలమ్ ఒక చివర, ఫాల్జన్ ఇంకో చివర. నేను ముందుగా మాట్లాడాను. కాకి సంగతి చెప్పాను, బెల్టు చిల్లు సంగతి చెప్పాను. ఏడవకూడదనుకున్నాను, ఏడవలేదు, అరిచాను. ఒకాయన, "ఆవేశపడకండి," అన్నాడు. "ఇది చూసి ఆవేశపడకపోతే మీకే ఏదో జబ్బుంది," అన్నాను. ఆయన సాండ్‌విచ్ కింద పెట్టేశాడు.

అన్నయ్య లేవలేకపోయాడు. కూర్చునే మాట్లాడాడు.

"నాకు గొంతులు వినబడతాయి. ఇప్పుడు కూడా ఒకటి వినబడుతోంది. ఈ గదిలోవాళ్ళు నీ మాట నమ్మరు పోరా అంటోంది. అది నిజమో అబద్ధమో మీరే చెప్పాలి. నేను అడిగేది మందు ఒక్కటే కాదు. నన్ను తోసెయ్యాలంటే, నన్ను చూసి తొయ్యండి. నా కాలేయం బాలేదనండి, నా రక్తం బాలేదనండి, సరే అంటాను. నా జబ్బు పేరు చదివి, నన్ను చూడకుండా తోసెయ్యకండి."

అధ్యక్షురాలు హాలమ్‌ని పేరుపెట్టి పిలిచి, "ఈ నిబంధన ఎందుకుందో మాకు చెబుతారా?" అంది. ఆయన తెల్లకణాల సంగతి చెప్పాడు. "అదైతే అదే రాయండి. దీన్ని ఎందుకు రాశారు?" అంది.

నిబంధన మారింది. మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన ఎవరినీ తోసెయ్యకూడదు, ఒక్కో మనిషినీ చూసి తేల్చాలి, క్లోజపిన్ వాడేవాళ్ళకి వారం వారం రక్తపరీక్ష చెయ్యాలి అని రాశారు. కమిటీ రాయడానికి కొన్నాళ్ళు పట్టింది. మందు కంపెనీ ఒప్పుకోవడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. లాయర్లు చూడడానికి ఇంకొన్ని. ఇంతమంది తీరిగ్గా చదువుతున్న కాలంలో గడ్డలు ఎవరి సంతకం కోసమూ ఆగలేదు. అన్నయ్య కళ్ళు పచ్చబడ్డాయి. కాళ్ళకి నీరొచ్చింది.

మళ్ళీ సిడ్నీ వెళ్ళాం. ఈసారి రిస్టో మామ కారులో తీసుకెళ్ళాడు. హాలమ్ రక్తం తీయించాడు, స్కానింగ్ తీయించాడు. సాయంత్రం గదిలోకి వచ్చి, కుర్చీ లాక్కుని, అన్నయ్య ఎదురుగా కూర్చున్నాడు. ఈసారి నావైపు చూడలేదు.

"ట్రాయ్కో, మీ కాలేయం ఈ మందుని మోయలేదు. ఇస్తే మందే మిమ్మల్ని చంపుతుంది. జూన్‌లో అయితే మోసేది. నిజం చెబుతున్నాను, జూన్‌లో మోసేది."

అన్నయ్య ఆయన్నే చూస్తూ ఉన్నాడు. తరవాత నవ్వాడు. కడుపు పట్టుకుని నవ్వాడు.

"చూశావా వెలే! ఇన్నేళ్ళకి మామూలు రోగుల్ని తోసేసినట్టే నన్నూ తోసేశారు."

హాలమ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగితే నాకేంటి. ఆయన కన్నీళ్ళు అన్నయ్య కాలేయానికి ఎక్కవు. కారులో రిస్టో మామ స్టీరింగు మీద తల పెట్టుకుని కాసేపు బండి తియ్యలేదు.

ఆ తరవాత అన్నయ్య చేసిన పని నాకు నచ్చలేదు. ఫాల్జన్‌కి ఫోను చేసి, శీతలపేటికలో ఉన్నవాణ్ణి లేపమన్నాడు.

"ఎందుకురా? ఏం చేశారని వాళ్ళు నీకు?" అని గట్టిగా పోట్లాడాను. "తగలబెట్టమను దాన్ని!"

"డాప్టో ఊళ్ళో ఒకావిడ ఉందిట. నా గడ్డలాంటి గడ్డేనట, ఆవిడకీ బుర్ర బాలేదుట. పోయిన వారం ఆవిణ్ణి ఆ పరీక్షలోకి తీసుకున్నారు. నేను ఇవ్వనన్నది వాళ్ళు తలుపు మూసినందుకు. తెరిచాక కూడా ఇవ్వకపోతే ఎలాగే?"

"నీకు తెరవలేదుగా!"

"నాకు తెరవలేదు," అని ఒప్పుకున్నాడు. "ముక్క మాత్రం నాది. నీది కాదు. నువ్వు కూడా నా బదులు సంతకం పెట్టకు."

దాంతో నా నోరు మూతపడింది. ఇన్నాళ్ళూ నేను ఎవరితో ఏమని పోట్లాడానో, ఆ మాటే నాకు తిప్పి కొట్టాడు. వాడి ఇష్టప్రకారమే చేశారు.

జనవరిలో, ఎండలు మండిపోతున్నప్పుడు, తన ఇంట్లో తన మంచం మీదే పోయాడు. పావురాలు రిస్టో మామ గూటికి వెళ్ళాయి. మా ఆచారం ప్రకారం నలభయ్యో రోజున చర్చిలో గోధుమలు ఉడికించి పంచుతుంటే ఫాల్జన్ వచ్చి వెనక వరసలో నిలబడింది. డాప్టో ఆవిడకి గడ్డలు తగ్గాయని చెప్పింది. సంతోషమే. నా సంతోషం నిజం, నా కోపమూ నిజం. రెండూ ఒకదాన్నొకటి తినెయ్యవు.

అధ్యక్షురాలు నన్ను కమిటీలోకి రమ్మని అడిగింది. రోగుల తరఫున మాట్లాడడానికి ఒక మనిషి కావాలిట. దుకాణం మధ్యాహ్నం మూసేసి వెళ్ళాను. మొదటి రోజు గుండెజబ్బు మందు అధ్యయనం ఒకటి వచ్చింది. కింది పేజీల్లో, స్థిరమైన ఇల్లు లేనివారు అనర్హులు అని ఉంది.

"ఇదెందుకు?" అన్నాను.

ఆ అధ్యయనం తెచ్చినాయన ఓపిగ్గా నవ్వాడు. "అది మామూలుగా ఉండే వాక్యమేనండీ."

"మామూలుగా ఎందుకుంది?"

"అన్నిట్లోనూ ఉంటుంది."

"అందుకే అడుగుతున్నా. ఇల్లు లేనివాడి గుండె ఎటువైపు కొట్టుకుంటుందో చెప్పండి, వింటాను."

ఆయన అధ్యక్షురాలి వైపు చూశాడు. ఆవిడ ఆయన జవాబు కోసం చూస్తోంది. అధ్యయనాన్ని ఆమోదించకుండా వెనక్కి పంపారు. ఆయన కాగితాలు సర్దుకుని, నా మొహం చూడకుండా గుమ్మం దాటాడు. చూడకపోతే పోనీ. వచ్చే నెల ఆయన మళ్ళీ రావాలి, నేనూ ఉంటాను.